మైదానంలోకి వచ్చిన కోడి: బ్లాక్‌బర్న్ రోవర్స్ 2011–12

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఫుట్‌బాల్ గురించి, అందులోనూ పద్నాలుగేళ్ల కిందటి ఒక ఓటమి గురించి మాట్లాడతానంటే వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. నేరుగా విషయంలోకి వస్తాను.

2012 మే 7, సోమవారం రాత్రి. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో, లాంకషైర్ జిల్లాలోని బ్లాక్‌బర్న్ పట్టణంలో, ఈవుడ్ పార్క్ అనే మైదానంలో వాన పడుతోంది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆ పూట గెలవకపోతే ఆ ఊరి జట్టు, బ్లాక్‌బర్న్ రోవర్స్, ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోతుంది. ఎదురుగా ఉన్నది అదే జిల్లాకు పొరుగున ఉన్న విగాన్ జట్టు. ఆట మొదలైన కాసేపటికి టీవీ కెమెరా బంతిని వదిలేసి గడ్డి మీద కదులుతున్న మరో వస్తువును పట్టుకుంది. అది ఒక కోడి. ఒంటికి రోవర్స్ రంగుల గుడ్డ చుట్టి ఎవరో అభిమాని గ్యాలరీలోంచి దాన్ని లోపలికి వదిలాడు. తడిసిన రెక్కలతో, ఎటు పోవాలో తెలియక, అది ఆటగాళ్ల కాళ్ల మధ్య తిరిగింది. చివరికి దాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోయారు. మ్యాచ్ కొనసాగింది.

నూట ముప్ఫై ఏడేళ్ల చరిత్ర ఉన్న ఒక క్లబ్బు తన బతుకులో అత్యంత ముఖ్యమైన రాత్రి కోడి ముందు నిలబడవలసి రావడం ఏమిటన్నది ఇవాళ్టి నా ప్రసంగ విషయం. కోడి ఎందుకంటే, క్లబ్బు యజమానులు కోళ్ల వ్యాపారులు. పుణె కేంద్రంగా ఉన్న వెంకటేశ్వర హాచరీస్ వారు, అంటే వెంకీస్. ఆ సంస్థను 1971లో నెలకొల్పిన బండా వాసుదేవరావు గారు మన హైదరాబాద్ మనిషి. మన పత్రికల్లో రోజూ ఒక మూల కనిపించే కోడిగుడ్ల నెక్ రేటు ఉంది కదా, ఆ నెక్ అనే రైతుల సమన్వయ సంఘం 1982లో ఏర్పడడానికి కారకులలో ముఖ్యులు ఆయనే. దళారులు నిర్ణయించే ధరకు గుడ్లు అమ్ముకోవలసి వచ్చే రైతులను ఒకచోట చేర్చి, ధర చెప్పే అధికారం వాళ్ల చేతికే ఇచ్చిన మనిషి. ఆయన 1996లో కన్నుమూశారు. ఆ తరువాత వ్యాపారాన్ని పెంచిన ఆయన సంతానమే, కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు, 2010 నవంబరులో ఈ ఇంగ్లిష్ క్లబ్బును కొన్నారు. ఈ కథను తెలుగులో చెప్పుకోవడానికి నాకున్న కారణం ఇంతే. ఇక మిగిలినదంతా లాంకషైర్‌లోనే జరుగుతుంది.

ఆ ఊరు ఎలాంటిదో కొంచెం చెప్పాలి. బ్లాక్‌బర్న్ నేత పట్టణం. మన పత్తిని తీసుకుపోయి, బట్ట నేసి, మనకే అమ్మిన ఊళ్లలో అదొకటి. విదేశీ వస్త్ర బహిష్కారం తరువాత అక్కడి మిల్లులు మూతపడ్డప్పుడు, 1931 సెప్టెంబరులో గాంధీజీ దాని పక్కనే ఉన్న డార్వెన్‌కు స్వయంగా వెళ్లి కార్మికుల మధ్య కూర్చుని మాట్లాడారు. ఈవుడ్ పార్క్ పక్కనుంచి పారే ఏటి పేరు కూడా డార్వెనే. ఫుట్‌బాల్‌ను దొరబిడ్డల బడుల నుంచి కార్మికుల చేతుల్లోకి తెచ్చిన ఘనత కూడా ఈ ఊరిదే. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు, ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టును ఓడించి, దేశమంతటి జట్లు పోటీపడే ఎఫ్‌ఏ కప్పును మొదటిసారి ఉత్తరాదికి తీసుకొచ్చింది. ఆ జట్టు త్వరలోనే కనుమరుగైంది కానీ, 1875లో పుట్టిన రోవర్స్ మాత్రం నిలిచింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో ఉన్న 12 క్లబ్బులలో అదొకటి. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు కూడా ఉంది. ఈ రెండు జాబితాల్లోనూ పేరున్న క్లబ్బులు మూడే మూడు.

ఆ క్లబ్బుకు పెద్ద దిక్కు జాక్ వాకర్. ఆ ఊళ్లోనే పుట్టి, ఇనుము వ్యాపారంలో బాగా సంపాదించి, 1991లో క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. కెన్నీ డాల్‌గ్లిష్‌ను మేనేజరుగా తెచ్చాడు, అలన్ షియరర్‌ను కొన్నాడు, స్టేడియాన్ని కట్టించాడు. 1995 మే నెలలో చివరి రోజు మ్యాచ్‌లో రోవర్స్ లివర్‌పూల్ చేతిలో ఓడిపోయినా, అదే గంటలో మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్‌తో డ్రా చేసుకోవడంతో, 89 పాయింట్లతో ఒకే ఒక్క పాయింటు తేడాతో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయింది. డబ్బుతో కొన్న కప్పు అని అప్పట్లో కొందరు ఈసడించారు. నిజమే, డబ్బుతోనే కొన్నది. కానీ ఆ డబ్బున్నవాడు తన ఊరి జట్టుకే ఆ డబ్బు పెట్టాడు. అదే గ్యాలరీలో కూర్చుని ఆట చూశాడు. ఈ తేడా ముందు ముందు మనకు అవసరమవుతుంది.

వాకర్ 2000లో చనిపోయాడు. ఆయన వదిలిన ట్రస్టు క్రమంగా చెయ్యి ముడుచుకుంది. ఆ పదేళ్లూ ఆ క్లబ్బును నిలబెట్టినది డబ్బు కాదు, పొదుపు తెలిసిన కొద్దిమంది మనుషులు. ఛైర్మన్ జాన్ విలియమ్స్, మేనేజింగ్ డైరెక్టర్ టామ్ ఫిన్, ఏ ఆటగాడిని ఎంతకు కొనాలో, ఎప్పుడు అమ్మాలో తెలిసిన సిబ్బంది. లక్ష జనాభా కాస్త దాటిన పట్టణంలో, చుట్టూ ముప్ఫై మైళ్లలో మాంచెస్టర్, లివర్‌పూల్ నగరాల నాలుగు పెద్ద క్లబ్బులు అభిమానులను లాక్కుపోతుంటే, 2001 నుంచి వరసగా ప్రతి ఏడూ అగ్రశ్రేణిలో నిలవడం చిన్న విషయం కాదు. 2009–10లో సామ్ అలర్డైస్ మేనేజరుగా ఆ జట్టు పదో స్థానంలో నిలిచింది. చూడడానికి అందమైన ఆట కాదు. పొడుగు బంతులు, త్రో-ఇన్‌లు, కార్నర్లు, మొరటు డిఫెన్సు. అయినా పదో స్థానం పదో స్థానమే.

2010 నవంబరు 19న వెంకీస్ ఆ క్లబ్బును రెండు కోట్ల ముప్ఫై లక్షల పౌండ్లకు కొని, దానికి ఉన్న అప్పులను కూడా తలకెత్తుకుంది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి క్లబ్బుకు యజమానులైన మొట్టమొదటి భారతీయ సంస్థ అది. సరిగ్గా 24 రోజులకు, డిసెంబరు 13న, అలర్డైస్‌ను తొలగించారు. ఆ రోజు జట్టు స్థానం పదమూడు. ముందు రోజు బోల్టన్ చేతిలో 2–1తో ఓడింది. ఈ బోల్టన్ పేరు గుర్తుపెట్టుకోండి. అలర్డైస్‌ను తీసేయడాన్ని మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు సర్ అలెక్స్ ఫెర్గూసన్ వంటి పెద్దమనిషి కూడా బహిరంగంగానే తప్పుపట్టాడు. ఆ స్థానంలోకి అప్పటిదాకా శిక్షణ చూసుకుంటున్న స్టీవ్ కీన్ అనే స్కాటిష్ కోచ్‌ను కూర్చోబెట్టారు. ఆయన అంతకు ముందెన్నడూ ఏ జట్టుకూ మేనేజరుగా పనిచెయ్యలేదు. ఆయన ఏజెంటూ, క్లబ్బు కొనుగోలులో యజమానులకు సలహాలిచ్చిన వ్యక్తీ ఒకరే. అందులో చట్టవిరుద్ధమైనదేమీ లేదు. కానీ ఊరి జనం మనసులో అనుమానం విత్తు అక్కడే పడింది, ఆ తరువాత ఎన్ని మాటలు చెప్పినా అది వాడిపోలేదు.

ఆ జనవరిలో రొనాల్డీన్యో వస్తున్నాడన్నారు. బ్రెజిల్ తరఫున ప్రపంచకప్పు గెలిచిన రొనాల్డీన్యో, బ్లాక్‌బర్న్ వానలోకి! రాలేదు, బ్రెజిల్‌కే వెళ్లిపోయాడు. జట్టు మొదటి నాలుగైదు స్థానాల్లోకి వెళ్తుందన్న మాటలూ వినిపించాయి. అదే సమయంలో, 2011 తొలి నెలల్లో, ఛైర్మన్ విలియమ్స్ వెళ్లిపోయాడు. ఆ తరువాత ఫిన్ కూడా వెళ్లిపోయాడు. పత్రికలు రొనాల్డీన్యో గురించి రాసినన్ని పంక్తులు వీళ్ల గురించి రాయలేదు. కానీ నా లెక్కలో ఆ క్లబ్బు పతనం విగాన్‌తో ఆడిన రాత్రి జరగలేదు, అలర్డైస్‌ను తీసేసిన రోజూ జరగలేదు. విలియమ్స్ తన గది ఖాళీ చేసిన రోజు జరిగింది. ఆ తరువాతి పదిహేను నెలల్లో పాయింట్ల పట్టిక ఆ సంగతిని నెమ్మదిగా నమోదు చేసింది, అంతే.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను. మనకు ఐపీఎల్ అలవాటు. ఐపీఎల్‌లో అన్నిటికన్నా చివర వచ్చిన జట్టు వచ్చే వేసవిలో మళ్లీ అక్కడే ఉంటుంది, ఆటగాళ్లను మార్చుకుంటుంది, మళ్లీ ఆడుతుంది. అక్కడ యజమాని కొనేది శాశ్వతమైన కుర్చీని. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. 20 జట్లు, 38 మ్యాచ్‌లు, చివరి మూడూ కిందికి. కిందికి పోతే టీవీ హక్కుల డబ్బు సింహభాగం పోతుంది. పడిన దెబ్బ తగ్గించడానికి కొన్నేళ్లపాటు పారాచూట్ చెల్లింపులని కొంత ఇస్తారు, కానీ అగ్రశ్రేణి జీతాలకు ఒప్పుకున్న ఆటగాళ్లను ఆ డబ్బుతో మోయలేరు. అంటే అక్కడ కుర్చీ ఏడాది అద్దెకు దొరికేది. దాన్ని నిలబెట్టుకోవడం రోజువారీ పని, ఆ పని తెలిసినవాళ్లు కావాలి. అదంతా తెలిసినవాళ్లను కొద్ది నెలల్లో పోగొట్టుకుని, వాళ్ల చోట కొత్తవాళ్లను సరిగ్గా నింపకుండా ఏడు వేల కిలోమీటర్ల దూరం నుంచి ఒక క్లబ్బును నడపడానికి ప్రయత్నించారు.

2010–11 ఎలాగో గట్టెక్కింది. చివరి రోజు వోల్వ్స్ మైదానంలో విరామానికి 3–0 ఆధిక్యం సాధించి, ఆఖరికి 3–2తో గెలిచి, 43 పాయింట్లతో పదిహేనో స్థానంలో నిలిచారు. ఆ గెలుపు మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం. అంతా బాగానే ఉందని పుణెలో అనుకోవడానికి అది వీలు కల్పించింది. వేసవిలో పంతొమ్మిదేళ్ల ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. చాలాకాలంగా ఆడుతున్న బ్రెట్ ఎమర్టన్ స్వదేశం ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాడు. స్కాట్ డాన్, యాకుబు వచ్చారు. ఆ ఇద్దరూ మంచి కొనుగోళ్లే, ముఖ్యంగా యాకుబు. మిగిలినవి ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో చెప్పడం కష్టం. ఆ ఏడాదే జట్టు సభ్యులు డ్రెస్సింగ్ రూంలో కూర్చుని వరసగా కోడి మాంసం తింటూ కనిపించే ఒక టీవీ ప్రకటన వచ్చింది. పెద్ద మ్యాచ్‌కు ముందు చికెన్ కాళ్లు కొరుకుతున్న సెంటర్ డిఫెండర్లను చూసి ఊరు నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో పడింది. మే నెలలో మైదానంలోకి వచ్చిన కోడి నిజానికి ఆ ప్రకటనలోంచే నడిచొచ్చింది.

సీజను ఆగస్టు 13న మొదలైంది. సొంత మైదానంలో వోల్వ్స్ చేతిలో 1–2. ఆ తరువాత విల్లా చేతిలో 1–3. మూడో మ్యాచ్ ఎవర్టన్‌తో. ఆ మ్యాచ్‌ను నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆ ఏడాది మొత్తం అందులో ఉంది. రోవర్స్‌కు రెండు పెనాల్టీలు దొరికాయి. ఒకటి హోయిలెట్ కొట్టాడు, రెండోది ఫోర్మికా కొట్టాడు, రెండూ గోల్ కాలేదు. అదనపు సమయంలో ఎవర్టన్‌కు ఒక పెనాల్టీ దొరికింది. మికెల్ అర్తెతా నింపాదిగా వచ్చి గోల్ చేసి వెళ్లాడు. 0–1. ఆధిపత్యం చూపిన ఆటలో సున్నా పాయింట్లు. కొద్ది రోజులకే ఆ అర్తెతా ఆర్సెనల్‌కు మారి, సెప్టెంబరు 17న అదే ఈవుడ్ పార్కుకు మరో చొక్కాలో తిరిగొచ్చాడు. ఆ రోజు రోవర్స్ 4–3తో గెలిచింది. నాలుగింటిలో రెండు ఆర్సెనల్ వాళ్లు తమ గోల్‌లోకి తామే కొట్టుకున్నవి. మ్యాచ్‌కు ముందు ఊరి వీధుల్లో మేనేజరు దిగిపోవాలంటూ ఊరేగింపు జరిగింది. మ్యాచ్ తరువాత అదే జనం పాటలు పాడుకుంటూ ఇళ్లకు పోయారు. అక్టోబరు మొదటి రోజున మాంచెస్టర్ సిటీ వచ్చి నాలుగు గోల్స్ కొట్టి పోయింది. ఏడు మ్యాచ్‌లకు నాలుగు పాయింట్లు.

అప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం వచ్చిన రెండు వారాల విరామంలో, జట్టును పుణెకు తీసుకొచ్చి పుణె ఎఫ్‌సీతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడించారు. 3–0తో గెలిచారు. యజమానులు తమ సొంత ఊళ్లో తమ జట్టును చూసుకోవాలనుకోవడం తప్పు కాదు. మన దేశంలో ఫుట్‌బాల్ అభిమానులకు అదొక పండుగ కూడా. కానీ నీటిలో మునుగుతున్నవాడికి పెళ్లి పిలుపు అందినట్టు, బతుకు కోసం పోరాడే జట్టుకు అది ఆ సమయంలో అక్కరలేని ప్రయాణం. లాంకషైర్‌లో దాన్ని ఎవరూ మరిచిపోలేదు. అక్కడివాళ్ల ఫిర్యాదు ఒకటే: జట్టు పుణెకు వెళ్లగలిగితే, యజమానులు బ్లాక్‌బర్న్‌కు రాలేరా?

శరదృతువంతా ఒకటే రోగం. నార్విచ్‌లో 3–1తో ముందుండి, అదనపు సమయంలో పెనాల్టీ ఇచ్చి 3–3. సండర్లాండ్‌లో ఆట చివర్లో రెండు గోల్స్ ఇచ్చుకుని 1–2. వెస్ట్ బ్రోమ్ మీద సొంత మైదానంలో ఆఖరి క్షణాల్లో గోల్ తిని 1–2. చివరి పది నిమిషాల్లో చేజారిన పాయింట్లు లెక్కేస్తే ఆ జట్టు కిందికి పోయేదే కాదు. దీన్ని దురదృష్టం అనేవాళ్లున్నారు. నేను అనను. 85వ నిమిషంలో జట్టు డిఫెన్సు వెనక్కి జరిగిపోవడానికి కారణం కాళ్లు కావు, బుర్ర. గ్యాలరీలో సగం మంది మేనేజరును తిడుతుంటే, సీనియర్ డిఫెండర్ రయాన్ నెల్సెన్ గాయంతో దూరంగా ఉంటే, తరువాతి గోల్ మనకే పడుతుందని పదకొండు మందికీ ముందే తెలుసు. ఒకే ఒక్కడు దీనికి అతీతంగా ఉన్నాడు, యాకుబు. పరిగెత్తినట్టే కనిపించని ఆ నైజీరియా స్ట్రైకరు డిసెంబరు 3న స్వాన్సీ మీద ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ సీజను లీగ్‌లో అతని గోల్స్ 17. కిందికి పోయిన జట్టులో అన్ని గోల్స్ కొట్టిన మనిషి అరుదు. ఇంకో లెక్క చెప్తాను: రోవర్స్ మొత్తం కొట్టినవి 48. ఆ ఏడు ఎనిమిదో స్థానంలో నిలిచిన లివర్‌పూల్ కొట్టినవి 47. కొట్టలేక పోయిన జట్టు కాదది. ఆపలేక పోయిన జట్టు. ఇచ్చుకున్న గోల్స్ 78.

డిసెంబరు 20న మళ్లీ బోల్టన్. ఆ సాయంత్రం బోల్టన్ అట్టడుగున ఉంది, రోవర్స్ దాని మీది మెట్టులో ఉంది. మొదటి అరగంటలో రెండు గోల్స్ తిన్నారు. యాకుబు ఒకటి తిరిగి కొట్టినా సరిపోలేదు. 17 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో రోవర్స్ అట్టడుగుకు చేరింది. ఆ రాత్రి ఈవుడ్ పార్కులో వినిపించినది నిరసన అనే మాటకు లొంగేది కాదు. కీన్ గీత పక్కన నిలబడి తొంభై నిమిషాలూ అది విన్నాడు. ఈ విషయంలో నేను అభిమానుల పక్షాన పూర్తిగా నిలబడలేను. ఆ మనిషి తన స్థాయికి మించిన పని ఒప్పుకున్నాడు, ప్రతి ఓటమి తరువాతా మీడియా ముందుకొచ్చి మంచి అంశాలున్నాయని చెప్పి చిరాకు పుట్టించాడు, అది నిజం. కానీ అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లు గ్యాలరీలో లేరు. ఎదురుగా ఉన్నవాడి మీద పడినంత కోపం, దూరంగా ఉన్నవాళ్లకు చేరకుండానే ఖర్చయిపోయింది.

ఆ రోజుల్లోనే పుణెకు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడు పాల్ హంట్, క్లబ్బు ఉప ముఖ్య కార్యనిర్వాహకుడు. అప్పటికి ముఖ్య కార్యనిర్వాహకుడు అనేవాడు ఆ క్లబ్బులో లేడు. పై వాడు లేని చోట ఉప పదవి, ఇంతకన్నా ఆ క్లబ్బు పరిస్థితిని బాగా చెప్పే విషయం మరొకటి లేదు. అభిమానులు చేజారిపోతున్నారని, డబ్బు పరిస్థితి బాగాలేదని, మేనేజరును మార్చక తప్పదని ఆయన సూటిగా రాశాడు. ఒక ఉద్యోగి యజమానికి రాయగలిగిన అత్యంత నిజాయితీ గల ఉత్తరం అది. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక డిసెంబరు 31. మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. సర్ అలెక్స్ ఫెర్గూసన్ డెబ్భయ్యో పుట్టినరోజు. ఏడాది కిందట అదే మైదానంలో రోవర్స్ 7–1తో ఓడింది, యునైటెడ్ స్ట్రైకరు బెర్బటోవ్ ఒక్కడే అయిదు కొట్టాడు. ఈసారి ఎన్ని అన్నదే ప్రశ్న. పదహారో నిమిషంలో ఒక కార్నర్ దగ్గర బెర్బటోవ్ రోవర్స్ డిఫెండర్ సాంబాను పట్టి లాగాడు, పెనాల్టీ, యాకుబు గోల్. విరామం తరువాత మళ్లీ యాకుబు, 2–0. వెంటనే బెర్బటోవ్ ఒకటి, పది నిమిషాలకు ఇంకొకటి, 2–2. ఇక అంతా అయిపోయిందనుకున్నారు. ఎనభయ్యో నిమిషంలో కార్నర్. యువ గోల్‌కీపర్ డి హెయా చేతులు చాచి గాలిలోకి లేచాడు, బంతి అందలేదు. ఇరవై ఏళ్ల గ్రాంట్ హాన్లీ తల తగిలించాడు. 3–2. అట్టడుగు జట్టు ఛాంపియన్‌ను వాళ్ల ఇంట్లో, వాళ్ల పెద్దాయన పుట్టినరోజున ఓడించింది. ఆ సీజను చివర యునైటెడ్, సిటీ రెండూ 89 పాయింట్లతో సమానమై, గోల్స్ తేడాతో కప్పు సిటీకి పోయింది. ఆఖరి రోజు సిటీకి అగ్యూరో కొట్టిన చివరి నిమిషపు గోల్ గురించి లోకమంతా మాట్లాడుతుంది, మాట్లాడనివ్వండి. ఆ కప్పు సగం హాన్లీ తలతో చేజారిందని బ్లాక్‌బర్న్‌లో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు.

ఆ గెలుపు మీద నిలబడి ఉండవచ్చు. ఉండలేదు. జనవరిలో నెల్సెన్‌తో ఒప్పందం తెంచుకున్నారు, ఆయన టాటెన్‌హామ్ చేరాడు. ఫిబ్రవరి 4న ఆర్సెనల్ మైదానంలో 7–1. నెలాఖరుకు సాంబా రష్యాలోని అంజి జట్టుకు వెళ్లిపోయాడు. అంటే ఎనిమిది నెలల్లో జోన్స్, నెల్సెన్, సాంబా, ఒక జట్టు వెన్నెముకంతా తరలిపోయింది. ఇంత జరిగినా మార్చిలో వోల్వ్స్ మీద, సండర్లాండ్ మీద వరసగా గెలిచారు. మార్చి 20 రాత్రికి 29 మ్యాచ్‌లు, 28 పాయింట్లు, చివరి మూడు స్థానాలకు పైన. మిగిలినవి తొమ్మిది. మూడు గెలిచి ఒకటి డ్రా చేసుకుంటే చాలు. ఆ తొమ్మిదిలో ఒక్కటే గెలిచారు, నార్విచ్ మీద. బోల్టన్, యునైటెడ్, వెస్ట్ బ్రోమ్, లివర్‌పూల్, స్వాన్సీ, వరసగా అయిదు ఓటములు. ఆ సమయంలోనే విగాన్ పైకి లేచింది. రొబెర్తో మార్తినెస్ శిక్షణలో, డిఫెన్సులో ముగ్గురిని నిలిపే పద్ధతికి మారి, యునైటెడ్‌ను, ఆర్సెనల్‌ను ఓడించింది. చిన్న ఊరు, చిన్న స్టేడియం, తక్కువ డబ్బు. కానీ మూడేళ్లుగా అదే మేనేజరు, మైదానం పక్కనే ఉండే అదే యజమాని.

అలా మే 7కు వచ్చాం. కోడిని తీసుకుపోయాక ఆట గోల్ లేకుండానే సాగింది. రోవర్స్‌కు గెలుపు తప్ప మరేదీ పనికిరాదు, అయినా దాడి చేసే ధైర్యం ఎవరిలోనూ కనిపించలేదు. టీవీ ముందు కూర్చున్న నాకు కూడా, అంత దూరంలో ఉండి, వాళ్లు ఎందుకు ముందుకు రావడం లేదని అరవాలనిపించింది. 87వ నిమిషంలో విగాన్‌కు కార్నర్ దొరికింది. పరాగ్వే డిఫెండర్ అల్కరాజ్ తలతో కొట్టాడు. సీజనంతా ఎన్నోసార్లు చూసిన ఆ చివరి నిమిషపు గోల్, ఆ చివరి రాత్రి కూడా వచ్చింది. 0–1. పదకొండేళ్ల అగ్రశ్రేణి బతుకు ముగిసింది. అదే ఈల మోతతో విగాన్ గట్టెక్కింది. చివరి పట్టికలో రోవర్స్‌కు ఎనిమిది గెలుపులు, ఏడు డ్రాలు, 23 ఓటములు, 31 పాయింట్లు, పంతొమ్మిదో స్థానం. పక్కనే, పద్దెనిమిదో స్థానంలో, ఆ బోల్టన్ కూడా కిందికి పోయింది.

మరునాడు పాల్ హంట్ ఉత్తరం పత్రికల్లోకి వచ్చింది. డిసెంబరులో ఆయన రాసినవన్నీ మే నెలలో నిజమై ఉన్నాయి. హంట్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు.

వెంకీస్ వారి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. క్లబ్బును పిండుకుని పారిపోయారని అనేవాళ్లకు లెక్కలు ఎదురు నిలుస్తాయి. ఆ తరువాత కూడా ఏటా నష్టాలు భరిస్తూ వాళ్లు డబ్బు పెడుతూనే వచ్చారు. 2017లో క్లబ్బు మూడో డివిజన్‌కు పడిపోయినప్పుడూ, ఏడాదిలోనే రెండోదానికి తిరిగి లేచినప్పుడూ ఖర్చు వాళ్లదే. ప్రీమియర్ లీగ్ కప్పు గెలిచాక మూడో డివిజన్‌కు పడిపోయిన క్లబ్బు అప్పటికి బ్లాక్‌బర్న్ ఒక్కటే. దురాశ కాదు వాళ్ల తప్పు. కోళ్ల వ్యాపారంలో తండ్రి ఏం చేశాడో అది వాళ్లు ఇక్కడ చెయ్యలేకపోయారు. ఆయన రైతు దగ్గర కూర్చుని రైతుకు ఏం తెలుసో విన్నాడు. బ్లాక్‌బర్న్‌లో తెలిసినవాళ్లు మాట్లాడడానికి సిద్ధంగానే ఉన్నారు, వినేవాళ్లే దగ్గర్లో లేరు.

కీన్ సంగతి అడుగుతారేమో. జట్టు పదమూడో స్థానంలో ఉండగా అలర్డైస్‌ను తీసేసిన యజమానులు, జట్టును పంతొమ్మిదో స్థానానికి దించిన కీన్‌ను మాత్రం అలాగే ఉంచారు. 2012 ఆగస్టులో రెండో డివిజన్ ఆట మొదలైనప్పుడు గీత పక్కన నిలబడినది ఆయనే. సెప్టెంబరు 28న, జట్టు పట్టికలో పైవరసల్లో ఉండగా, తనకు వేరే దారి లేకుండా చేశారంటూ రాజీనామా చేశాడు. ఆ తరువాతి ఆరు నెలల్లో వచ్చిన ఇద్దరు మేనేజర్లలో ఒకరు 57 రోజులు, మరొకరు 67 రోజులు ఉన్నారు.

నమస్కారం.